రాయగడ షెడ్డులో 21 టన్నుల తేడా: రైల్వే తూకమా, గోదాము తూకమా?

ముందుగా మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవారికి పనికొస్తుంది. ఒడిశాలోని రాయగడ గూడ్స్ షెడ్డుకు 42 వ్యాగన్ల బియ్యం రేక్, అంటే ఒక పూర్తి గూడ్స్ రైలు వచ్చింది. మొత్తం 52,920 గోనె సంచులు, ఒక్కోదానిలో 50 కిలోలు. ఆర్.ఆర్.లో, అంటే రైల్వే ఇచ్చే సరుకు రసీదులో, బరువు 2,676.7 టన్నులు. అక్కడి నుంచి లారీల్లో మీ గోదాముకు, కొంత పార్వతీపురం వైపు గోదాముకు చేరాక, వాటి దగ్గరి ధర్మకాటాల (లారీలు తూచే వే బ్రిడ్జిల) చీటీలన్నీ కూడితే 2,655 టన్నులే వచ్చాయి. సంచుల లెక్క సరిపోయింది, సీళ్లు బాగున్నాయి, షెడ్డులో అభ్యంతరం లేకుండా సంతకం పెట్టి సరుకు తీసుకున్నారు. ఇప్పుడు సరుకు యజమాని 21.7 టన్నుల విలువ మీ బిల్లులోంచి కోస్తానంటున్నాడు. రైల్వే మీద క్లెయిము వేస్తే వస్తుందా అని అడిగారు.

రాదండి. మీరు చెప్పిన వివరాలు ఇవే అయితే రైల్వే నుంచి రూపాయి కూడా రాదు. అయితే యజమాని చెప్పిన కోతకు తలూపాల్సిన పని కూడా లేదు. ఈ రెండు మాటలకూ కారణం ఒక్కటే: 2,676.7 టన్నులను రైల్వే వారు ఎప్పుడూ తూచలేదు.

నేను రైల్వే కమర్షియల్ విభాగంలో గూడ్స్ షెడ్డులు చూశాను, ఇప్పుడు గోదాముల తరఫున ఇవే కాగితాలు చూసిపెడుతున్నాను. రెండు వైపులా కూర్చున్నవాడిగా చెబుతున్నాను. తూకం గొడవల్లో ఎక్కువ భాగం దొంగతనం గొడవలు కావు. వేర్వేరు పద్ధతుల్లో పుట్టిన రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం వల్ల వచ్చేవి.

ఆర్.ఆర్.లో ఉన్న అంకె ఎలా పుట్టిందో చూడండి. 52,920 సంచులు, ఒక్కోదానిలో 50 కిలోలు, అంటే 2,646 టన్నుల బియ్యం. 50 కిలోల జనపనార గోనె బరువు ప్రమాణం ప్రకారం 580 గ్రాములు. 52,920 గోనెల బరువు 30.7 టన్నులు. రెండూ కలిపితే 2,676.7. ఇది గుణకారం, తూకం కాదు. ఒకే కొలత ఉన్న సంచుల సరుకును ఇలా సంచుల లెక్క మీద బుక్ చేయడం మామూలే. అది తప్పేమీ కాదు.

ఇంకో సంగతి. ఆర్.ఆర్.లో అసలు బరువుకూ, ఛార్జి వేసిన బరువుకూ వేర్వేరు గడులు ఉంటాయి. ఛార్జి వేసిన బరువు చాలాసార్లు వ్యాగన్ మోయగల సామర్థ్యాన్ని బట్టి కట్టినది. అది సరుకు బరువు కాదు. గోదాము గుమస్తా ఆ గడిలోని అంకెను స్టాకు రిజిస్టరులో ఎక్కించి, నెల తర్వాత ‘తరుగు’ కనిపెట్టి ఊరంతా గగ్గోలు పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. మీ అంకె గుణకారంతో సరిగ్గా కలిసింది కాబట్టి మీది ఆ కేసు కాదు. మీ రిజిస్టరులో నికర బరువు రాస్తున్నారా, గోనెతో కలిపిన బరువు రాస్తున్నారా అన్నది మాత్రం ఈ రోజే చూసుకోండి. ఒక చోట గోనెతో, ఇంకో చోట గోనె లేకుండా రాస్తే ఏ సరుకూ పోకుండానే 30 టన్నులు మాయమవుతాయి.

ఇక చట్టం. రైల్వే చట్టం, 1989లో సెక్షన్ 65 ప్రకారం ఆర్.ఆర్.లో రాసిన బరువుకూ, సంచుల సంఖ్యకూ ఆ రసీదే ప్రాథమిక సాక్ష్యం. చాలామంది ఇంతవరకే చదివి ఆగిపోతారు. అక్కడే ఒక మినహాయింపు ఉంది. వ్యాగన్ లోడుగానో రైలు లోడుగానో వెళ్లే సరుకును రైల్వే ఉద్యోగి లెక్క చూడకపోతే, చూడలేదని ఆర్.ఆర్.లో రాసి ఉంటే, బరువునూ సంఖ్యనూ రుజువు చేయాల్సిన బాధ్యత పంపినవారిది లేదా అందుకున్నవారిది. ‘సెయిడ్ టు కంటైన్’ (ఇంత ఉందని పంపినవారు చెప్పారు) అన్న ముద్ర అర్థం అదే. మీ ఆర్.ఆర్. తిప్పి చూడండి, ఆ ముద్ర చాలావరకు ఉంటుంది. ఉన్నప్పుడు రైల్వే వాదన ఒక్క వాక్యమే: మేము తూచలేదు, సంచులు లెక్కకు ఉన్నాయి, సీళ్లు చెడలేదు. ఆ వాదన నిలుస్తుంది.

అలాంటప్పుడు 21.7 టన్నులు ఎక్కడికి పోయాయి? సంచికి లెక్కగడితే 410 గ్రాములు. లారీ ట్రిప్పుకు లెక్కగడితే, పది చక్రాల లారీలో 16 టన్నుల చొప్పున దాదాపు 167 ట్రిప్పులు, ట్రిప్పుకు 130 కిలోలు. ఈ రెండు అంకెలనూ పక్కన రాసి పెట్టుకోండి. మీ సమస్య ఈ రెండింటిలోనే ఉంది.

ట్రిప్పుకు 130 కిలోలంటే ఇద్దరు మనుషుల బరువు. నవ్వులాటకు అనడం లేదు. నిండు లారీ కాటా ఎక్కినప్పుడు డ్రైవరు ఒక్కడే ఉంటాడు. గోదాములో దించాక ఖాళీ లారీ తిరిగి షెడ్డుకు వెళ్తుంది కదా, అందులో హమాలీలు ఇద్దరు ఎక్కి కూర్చుంటారు, షెడ్డు దాకా నడవడం ఎందుకని. లారీ అలాగే కాటా ఎక్కుతుంది. ఖాళీ బరువులో ఇద్దరు మనుషులు కలిశారు. నిండు బరువులోంచి దాన్ని తీసేస్తే బియ్యం 130 కిలోలు తగ్గింది. కాటా దగ్గర ఉన్న కుర్రవాడు తెర మీద అంకె చూస్తాడు గాని క్యాబిన్‌లోకి తల పెట్టి చూడడు.

మనుషులే కానవసరం లేదు. తడిసిన టార్పాలిన్, అదనపు తాళ్లు, స్టెప్నీ టైరు, ఏవైనా కావచ్చు. డీజిలు కూడా తక్కువది కాదు, లీటరు దాదాపు 830 గ్రాములు. కొన్ని కాటాల దగ్గర ఖాళీ బరువు పొద్దున ఒక్కసారి తూచి, ఆ రోజంతా అదే అంకె వాడతారు. పొద్దున ట్యాంకు నిండుగా ఉంటే సాయంత్రపు ట్రిప్పుల్లో 150 లీటర్ల తేడా, అంటే సుమారు 125 కిలోలు. మీ చీటీలు వరుసగా పరచి చూడండి. ఒకే లారీ నంబరు పక్కన ఖాళీ బరువు ప్రతి ట్రిప్పులోనూ ఒకటే అంకె ఉందంటే, దాన్ని ప్రతిసారీ తూచలేదన్నమాట. అంకె ట్రిప్పు ట్రిప్పుకు 60, 120, 130 కిలోల చొప్పున ఎగిరెగిరి పడుతోందంటే ఎవరో ఎక్కి దిగుతున్నారన్నమాట. ఈ పని ఇంట్లో కూర్చుని ఒక్క సాయంత్రంలో చేయవచ్చు. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

రెండోది సంచికి 410 గ్రాములు. ఇది తేమ. బియ్యం 14 శాతం తేమతో సంచిలోకి వెళ్లిందనుకోండి. 50 కిలోల్లో నీరు 7 కిలోలు, మిగిలిన పొడి పదార్థం 43 కిలోలు. ఆ పొడి పదార్థం ఆవిరైపోదు. దారిలో, షెడ్డులో, స్టాకులో ఎండి తేమ 13.3 శాతానికి దిగితే ఆ 43 కిలోలు ఇప్పుడు సంచిలో 86.7 శాతం. లెక్కగడితే సంచి బరువు 49.6 కిలోలు. తగ్గింది 400 గ్రాములు. ఒక్క గింజ కూడా ఎవరూ తీయలేదు. 13 శాతానికి దిగితే తగ్గేది 575 గ్రాములు, దాదాపు ఒక గోనె బరువంత. ఎండల్లో రాయ్‌పూర్ వైపు నుంచి ఇనుప వ్యాగన్లలో వచ్చిన బియ్యం ఎలా ఎండుతుందో రాయగడలో ఎవరినైనా అడగండి. వానాకాలంలో ఇదే తిరగబడి బరువు పెరుగుతుంది. అప్పుడు మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు, అది వేరే విషయం.

సరుకులో సహజంగా ఉండే గుణం వల్ల బరువు తగ్గితే దానికి రైల్వే బాధ్యత వహించదు. సెక్షన్ 93 మినహాయింపుల్లో అది ఉంది. తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని మాత్రం రైల్వే చూపించాలి. సీళ్లు చెడకుండా, పైకప్పు కారకుండా వ్యాగన్ వస్తే అది చూపించడం వారికి కష్టం కాదు.

కారణం లారీ కాటాలో ఉందా, తేమలో ఉందా అని తేల్చడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. స్టాకులో వేర్వేరు చోట్ల నుంచి, కింది వరస, మధ్య వరస, పై వరస, ఓ యాభై సంచులు తీయించండి. చిరిగినవి వద్దు, తిరిగి కుట్టినవి వద్దు, మిల్లు కుట్టు చెదరని సంచులే కావాలి. ముద్ర వేసిన ప్లాట్‌ఫారం కాటా మీద ఒక్కొక్కటీ తూచి రాయండి. గోనెతో కలిపి సగటు 50.58 దగ్గర వస్తే బియ్యం సంచిలోనే ఉంది, తప్పు లారీ కాటాలో ఉంది. సగటు 50.17 దగ్గర వస్తే సంచులు నిజంగానే తేలికయ్యాయి. అప్పుడు తేమ మీటరు పెట్టి చూడండి. మిల్లు ఇచ్చిన నాణ్యత పత్రంలో తేమ ఎంత, ఇప్పుడు ఎంత అన్నది తేలితే లెక్క సరిపోతుంది. తేమ అంతే ఉండి బరువు మాత్రం తక్కువ ఉంటే, మిల్లులోనే తక్కువ నింపారు. అది యజమానికీ మిల్లుకూ మధ్య గొడవ, మీది కాదు. సగటు ఎంత వచ్చినా అంకెలు సంచికీ సంచికీ బాగా చెదిరి ఉంటే, కొన్ని 50.6, కొన్ని 47, కొన్ని 45 అలా ఉంటే, అప్పుడు మాత్రం హమాలీల కొక్కేలు చించడాన్నీ చేతివాటాన్నీ అనుమానించాలి. తేమ తరుగు అన్ని సంచుల్లోనూ ఇంచుమించు సమానంగా ఉంటుంది. దొంగతనం అలా ఉండదు.

ఈ పరీక్ష ఒక్కరే చేయకండి. యజమాని మనిషి పక్కనుండాలి. ఫలితం కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. మన వైపు ట్యాలీ కాగితాలు తెలుగులోనో ఒడియాలోనో రాసుకుంటాం, తప్పు లేదు. ఈ సంయుక్త నోటు మాత్రం ఇంగ్లీషులో రాయించండి. అది రేపు భువనేశ్వర్‌లో ఎవరో ఒకరి బల్ల మీదకు వెళ్లవలసి రావచ్చు, అక్కడ ‘గోనె కారింది’ అంటే ఎవరికీ తెలియదు.

ధర్మకాటాకు తూనికల, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో కూడా చూడండి. వే బ్రిడ్జిలకు 12 నెలలకు ఒకసారి తనిఖీ, ముద్ర తప్పనిసరి. ముద్ర గడువు దాటిన కాటా చీటీలు ఎన్ని కట్టలున్నా ఎదుటివారు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. మీ లారీలు కొన్ని పార్వతీపురం వైపు గోదాముకు కూడా వెళ్లాయని రాశారు. అక్కడి కాటా ఆంధ్ర శాఖ ముద్రతో, ఇక్కడిది ఒడిశా శాఖ ముద్రతో ఉంటాయి. రెండూ చెల్లుతాయి. రెండు కాటాల మధ్య తేడా ఉందా అన్నది తెలియాలంటే ఒకే నిండు లారీని రెండింటి మీదా ఎక్కించి చూడడమే మార్గం. డీజిలు ఖర్చు మీకు దండగ అనిపిస్తుంది గాని 21 టన్నుల బియ్యం ధర ముందు అది ఎంత?

రైల్వే నుంచి డబ్బు వచ్చే కేసులు ఎలా ఉంటాయో కూడా చెబుతాను, వచ్చే రేక్‌కు పనికొస్తుంది. తలుపు తీసే ముందు సీలు చూడాలి. సీలు లేకపోయినా, తెగినా, సీలు నంబరు కాగితంతో కలవకపోయినా, తలుపు సందులోంచి గింజలు రాలి ఉన్నా, పైకప్పు కారి సంచులు తడిసి గడ్డకట్టినా, అక్కడే పని ఆపండి. వ్యాగన్ నంబరు కనిపించేలా ఫోనుతో ఫొటో తీయండి. గూడ్స్ సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా ఓపెన్ డెలివరీ, అంటే సరుకును ఇద్దరి ఎదుటా తెరిచి చూసి అప్పగించమని అడగండి. సరుకు చెడినట్టో ఎవరో కెలికినట్టో గుర్తులు కనిపిస్తే, అడిగినప్పుడు ఓపెన్ డెలివరీ ఇవ్వాల్సిందేనని సెక్షన్ 81 చెబుతోంది. వారు, మీరు, అవసరమైతే ఆర్.పి.ఎఫ్. (రైల్వే రక్షణ దళం) కలిసి ఆ వ్యాగన్‌లో ఎన్ని సంచులు ఉన్నాయి, ఎన్ని వదులుగా ఉన్నాయి, ఎంత బరువు తగ్గింది అన్నది రాస్తారు. డెలివరీ పుస్తకంలో కూడా ఆ రిమార్కు పడాలి. ఇది లేకుండా అభ్యంతరం లేని సంతకం పెట్టి, సరుకు గోదాముకు చేర్చాక రైల్వేను తిడితే లాభం లేదు.

ఇక్కడ మన షెడ్డుల్లో వచ్చే చిక్కు నాకు తెలుసు. వ్యాగన్లు ఖాళీ చేయకుండా గంటలు గడిస్తే డెమరేజి ఛార్జి, దించిన సరుకు షెడ్డులో ఉంటే వార్ఫేజి ఛార్జి. ముఠా మేస్త్రి తొందరపెడతాడు, లారీ వాళ్లు హారన్లు కొడతారు. ‘రేపు చూద్దాం, ముందు దించండి’ అంటారు. 42 వ్యాగన్లూ ఆపమని నేను అనను. అనుమానం ఉన్న ఆ ఒక్క వ్యాగన్‌ను పక్కన పెట్టి, మిగతావి దించుకోండి. ఆ ఒక్కదాని సంచులను విడిగా పేర్చండి, వేరే వ్యాగన్ సంచులతో కలిపితే మీ సాక్ష్యం మీరే పోగొట్టుకున్నట్టు. షెడ్డు నేల మీద రాలిన ఊడ్పులను కూడా వ్యాగన్‌వారీగా ఎత్తి తూచండి. వాటి బరువు చిన్నదే, కానీ తలుపులోంచి కారిందా, కొక్కెం చించిందా అన్నది చెప్పేది ఆ కుప్పే.

వ్యాగన్‌ను మళ్లీ తూచమని రైల్వేను అడగవచ్చా అని ఇంకొకరు అడిగారు. సెక్షన్ 79 కింద అడగవచ్చు. ఖర్చు మీది, ఆలస్యానికి డెమరేజి పడితే అదీ మీదే. కానీ యార్డులో రద్దీ ఉంటే పూర్తి వ్యాగన్, పూర్తి రేక్ తూకానికి నిరాకరించే వీలు వారికి ఉంది. ఓనర్స్ రిస్క్ రేటు (నష్టం వస్తే యజమానిదే అన్న షరతు) మీద బుక్ అయిన సరుకుకూ, దారిలో బరువు తగ్గే పాడయ్యే సరుకుకూ కూడా మామూలుగా ఒప్పుకోరు. సంచుల బియ్యానికి దీని వల్ల పెద్ద లాభం లేదు. ఓపెన్ డెలివరీయే మీ ఆయుధం.

వ్యాగన్ తూకం ప్రాణమయ్యేది సంచులు లేకుండా పోసే వదులు సరుకులో. కోరాపుట్, రాయగడ వైపు బాక్సైట్, ఖనిజాలు ఎక్కించేవారికి గొడవ తిరగబడి వస్తుంది: బరువు తగ్గిందని కాదు, ఎక్కువైందని. దారిలో వే బ్రిడ్జి మీద వ్యాగన్ పరిమితి దాటితే సెక్షన్ 73 కింద జరిమానా ఛార్జి వేస్తారు, అది డెలివరీకి ముందు అందుకునేవారి దగ్గర కూడా వసూలు చేయవచ్చు. అప్పుడు నోరు చేసుకోకుండా తూకం ప్రింటు అడగండి. కదిలే రైలును తూచే యంత్రం ప్రతి వ్యాగన్ పక్కనా వేగం కూడా ముద్రిస్తుంది. సాధారణంగా గంటకు 15 కిలోమీటర్లలోపు వెళ్లాలి, దాటితే ఆ అంకెను ప్రశ్నించవచ్చు. ఖాళీ బరువు ఎక్కడిదో చూడండి: వ్యాగన్ మీద రంగుతో రాసినదా, నిజంగా తూచినదా? అడుగున పాత సరుకు గట్టిపడి అతుక్కుని ఉంటే రంగుతో రాసిన అంకెకు విలువ లేదు. వాన నీరు కూడా బరువే. జరిమానా తప్పని తేలితే, కట్టిన డబ్బు వాపసు కోరవచ్చు.

యూరియా గోదాములవారికి ఒక్క మాట: 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలు. కొన్ని పాత ఎక్సెల్ షీట్లు ఇప్పటికీ 50తోనే గుణిస్తున్నాయి. వెయ్యి బస్తాలకు 5 టన్నుల ‘తరుగు’ వచ్చిందని ఫోన్లు చేయకముందు ఆ గడి చూడండి.

గడువులు. నష్టపరిహారం నోటీసు సెక్షన్ 106 ప్రకారం సరుకును రైల్వేకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల్లోపు చేరాలి. గోదాముకు వచ్చిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ఎక్కువ వసూలు చేసిన ఛార్జి వాపసుకైతే డబ్బు కట్టిన రోజు, సరుకు అందిన రోజు, వీటిలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి ఆరు నెలలు. షెడ్డు సూపర్‌వైజరు చేతికి ఇచ్చిన తెల్లకాగితం నోటీసు అవుతుందని నమ్మకండి. చట్టంలో రైల్వే పరిపాలన అంటే జోన్ జనరల్ మేనేజరు. రాయగడలో కొత్త డివిజన్ భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, అప్పటి నుంచి ‘నోటీసు ఇప్పుడు వాల్తేరుకు ఇవ్వాలా, రాయగడకు ఇవ్వాలా’ అని అడిగేవారు పెరిగారు. రాయగడ షెడ్డు సరుకుకు ఏ డివిజనని చూడకండి, ఈస్ట్ కోస్ట్ రైల్వే జనరల్ మేనేజరు పేరున భువనేశ్వర్‌కు రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచండి. మూడు నెలలు ఆగినా తేలకపోతే రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. భువనేశ్వర్‌లో బెంచి ఉంది. అక్కడికి సరుకు అప్పగించిన నాటి నుంచి మూడేళ్లు గడువు.

మీ విషయంలో మాత్రం పోరాటం రైల్వేతో కాదు, యజమానితో. మీ ఒప్పందం తీయండి. మీ బాధ్యత సంచుల లెక్క మీద రాశారా, తూకం మీద రాశారా? సంచుల లెక్క మీద అయితే 52,920 అందుకున్నారు, 52,920 అప్పగిస్తారు, కోతకు తావు లేదు. తూకం మీద అయితే ఏ కాటా, ఖాళీ బరువు ఎప్పుడు తూచాలి, తేమ తరుగు ఎంతవరకు ఒప్పుకుంటారు అన్నవి అందులో ఉన్నాయా? లేకపోతే ఆ లోటు ఇద్దరిదీ. అప్పటికి యాభై సంచుల పరీక్ష కాగితం మీ చేతిలో ఉంటే బేరం మీ వైపు ఉంటుంది. కోత ఒప్పుకుంటూ ఎలాంటి ఉత్తరమూ ఇప్పుడే ఇవ్వకండి. ‘పరిశీలిస్తున్నాం’ అని కూడా రాయకండి, సంయుక్త తూకం కోరుతున్నామని మాత్రమే రాయండి.

ఆర్.ఆర్. తేదీ మీరు రాయలేదు. రెండు వైపులా స్కాన్ చేసి, ఏదో ఒక లారీ ఒక రోజంతా తిరిగిన కాటా చీటీలు కూడా జతచేసి పెట్టండి. ఖాళీ బరువుల వరుస చూస్తే తేమ గురించి మాట్లాడుకోవాల్సిన అవసరం ఉందో లేదో చెప్పగలను.